రెండో మేకపిల్ల

“ఆ ఆట రాకపోతే మన పిల్ల ఏమైపోతుందోనండీ” అన్నాను, సూదిలో దారం ఎక్కిస్తూ. “వచ్చినా ఏమైపోతుందో. కళ్లన్నా పోతాయి, ఉద్యోగమన్నా పోతుంది. రెండూ పోయినా పోతాయి. కళ్లద్దాల కొట్లో పనిచేసే పిల్లకి కళ్లు పోతే నలుగురూ నవ్వరూ?”

మా ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. ఒళ్లో మడతపెట్టిన తువ్వాలు, దాని కింద కుడిచెయ్యి. పలకలేదు. పలుకుతారని నేనూ అనుకోలేదు. కానీ భయాన్ని నోట్లో పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు, అందుకని పైకి అనేస్తాను. వినే మనిషి ఉంటే సరే, లేకపోతే కర్టెన్లు వింటాయి. మా ఇంట్లో వాటికి కొదవ లేదు. ఊళ్లో సగం కిటికీలకి కర్టెన్లు కుట్టేది నేనే.

అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. ఆ ఎండాకాలమంతా మా ఇల్లు ఒక మేకపిల్ల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. నిజం మేకైతే పాలైనా ఇచ్చేది. ఇది టీవీలో గెంతే మేక.

మా అమ్మాయి పలక పట్టిన వయసులో ఆయన ఆ ఆటపెట్టె తెచ్చారు. రెండు రిమోట్లు. వాటిని రిమోట్లు అనకూడదట, ఇంకేదో అనాలట, నాకు అక్కర్లేదు. మేకపిల్ల అమ్మాయిది, బాతు వాళ్ల నాన్నది. రెండూ ఇటుక మీంచి ఇటుక మీదికి గెంతుకుంటూ మేడ ఎక్కాలి. “పైన ఏముందే?” అంటే గంట ఉందంది. “గంట కొడితే ఏమొస్తుందే?” అంటే ఇంకో మేడ వస్తుందంది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకే అర్థమైంది అది ఎప్పటికీ తెమలని పని అని. ఇంత పెద్ద లిఫ్టు మెకానిక్కు, ఊళ్లోవాళ్లందరినీ మెట్లెక్కకుండా పైకి పంపే మనిషి, ఇంటికొచ్చి బాతు చేత మెట్లెక్కిస్తూ కూర్చునేవారు.

గుంటలో పడితే చావరు ఆ ఆటలో. బుడగలోకి వెళ్లి గాల్లో తేలుతుంటారు. పడినవాళ్లు బటన్ నొక్కి దగ్గరికి రావాలి, పైనున్నవాళ్లు వచ్చి ముట్టుకోవాలి. ఆలస్యమైతే బుడగ ఎర్రబడి పగిలిపోతుంది, ఇద్దరూ మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి. మా అమ్మాయి పడ్డప్పుడల్లా రిమోట్ వదిలేసి రాగం తీసేది. ఇట్టే పగిలిపోతుందని ఆయన అమ్మాయికి బుడగ అని ముద్దుపేరు పెట్టారు. ఏడుపు మాన్పడానికి తన పనిలో పద్ధతి ఒకటి ఇంటికి తెచ్చారు.

లిఫ్టు బాగుచేసేటప్పుడు పైన మెషిన్ గదిలో ఒకరుంటారు, కింద గుంటలో ఒకరుంటారు. స్విచ్చి వేసేముందు పైమనిషి కిందికి కేకెయ్యాలి, “ఉన్నావా?” అని. కిందిమనిషి చేతులు యంత్రంలోంచి తీసేసి, గోడకి ఆనుకుని, అప్పుడు “ఉన్నా” అనాలి. ఆ మాట చెవిన పడేదాకా స్విచ్చి ముట్టుకోకూడదు. ఇంట్లోనూ అదే. మేక పడితే బాతు “ఉన్నావా?” అనేది. మేక ఏడుపు దిగమింగి “ఉన్నా” అని బటన్ నొక్కేది. బాతు పడితే మేక అడిగేది. వంటింట్లో నాకు ఆ పాట విని విని చెవులు చిల్లులు పడేవి. పక్కవాటావాళ్లు ఏమనుకుంటారో, ఇంట్లో ఎవరైనా తప్పిపోయారనుకుంటారో ఏమోనని ఒకటే బెంగ నాకు.

పిల్ల పెద్దదైంది, కళ్లద్దాల కొట్లో చేరింది. ఆట మాత్రం మానలేదు ఇద్దరూ. మొన్న చలికాలంలో ఆయన గుంటలో ఉండగా పైన స్విచ్చి పడింది. వేసింది కూలివాడు కాదు, సాక్షాత్తూ సూపర్‌వైజరే. ఎవరో పెద్దమనిషి లిఫ్టు కోసం తొందరపడుతున్నాడట. కుడిచేతి బొటనవేలు మొదలుకంటా పోయింది, పక్కవేలు సగం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నోరు విప్పలేదు. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడతారన్నాడు. ఆ సంగతి చెప్పడానికి అన్నేళ్లు చదవాలా?

అలాంటి ఇంట్లోకి అమ్మాయి ఒకరోజు కొట్టునుంచి చెప్పులు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది.

“నాన్నా! మన ఆటకి రెండో భాగం వస్తోంది, రెండో మేకపిల్ల! ఎండాకాలం అయ్యేలోగా వచ్చేస్తుందట!”

ఆయన కిటికీ వైపే చూస్తున్నారు. ఎవరో పోయారని చెప్పడానికి వచ్చిందనుకున్నాను.

“చెప్పులు విప్పవే ముందు” అన్నాను. “మొదటి మేక చేసిన నిర్వాకం చాలలేదా?”

ఆ రోజునుంచి మొదలైంది. ఆట చేసేవాళ్లు ఒక బొమ్మ వదిలారు. బాతు మెడలో ఎర్ర గుడ్డ. అంతే. ఆ గుడ్డ ఎందుకు కట్టుకుందని ప్రపంచమంతా కొట్టుకోవడం. లోకంలో ఇంతమంది పనీపాటా లేనివాళ్లున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకాయనైతే ఫోన్లో ఆ గుడ్డ గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. కర్టెన్ల పని చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ గుడ్డకి అంచు కూడా సరిగ్గా మడవలేదు.

“వీడికి పెళ్లాం ఉందా?” అని అడిగాను.

“ఉందమ్మా. ఆ వీడియో తీసేది ఆవిడే.”

“సరిపోయింది. ఇద్దరూ ఇద్దరే. ఒకరికోసం ఇంకొకరిని వెతికి మరీ ముడేశారు.”

అమ్మాయి నవ్వలేదు. లేచి వెళ్లి వాళ్ల నాన్న కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది. “నాన్నా, ఈసారి బాతు కొంచెం దూరం ఎగరగలదట. పాత ఆటలోలాగా విరిగిన వంతెన దగ్గర నువ్వు పడిపోవు.” ఆయన తువ్వాలు సర్దుకున్నారు. ఇది గోడకి చెప్పుకున్నట్టే చెప్పుకుంటూ పోయింది.

ఎండలు మండే రోజుల్లో కబురొచ్చింది, ఇంకా కొన్నాళ్లు ఆగాలని. ఎందుకయ్యా అంటే బాతు ఈకలు ఇంకా సహజంగా రావాలట!

“చూశావా?” అన్నాను. “కుచ్చులు ఇంకా సహజంగా రావాలి, వానాకాలం దాకా ఆగండి అని నేను అంటే, కర్టెన్ మొహాన కొట్టి పోతారు జనం. వీళ్లు అంటే మీరంతా ఆహా ఓహో అంటారు. ఆ ఆట చేసేవాళ్లు ఒక్కరోజు నా మిషను ముందు కూర్చోవాలి, తెలుస్తుంది.”

“మంచిగా చెయ్యాలంటే టైము పట్టదా అమ్మా?”

“పట్టనీ. ఈలోగా నీ పెళ్లీడు దాటిపోనీ, నా కళ్లు పోనీ, మీ నాన్న…”

ఆగిపోయాను. నోరు ఊరుకోదు నాది.

ఆ వారంలోనే అనుకుంటాను, కర్టెన్లు ఒకరింట్లో ఇచ్చి తొందరగా వచ్చేశాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల అమ్మాయి టీవీ ముందు కూర్చుని పాత ఆట ఆడుతోంది. కుడి బొటనవేలు అరచేతిలోకి మడిచి తెల్లటి టేపు చుట్టేసి ఉంది. సంచి అక్కడే పడేశాను.

“ఏమైందే? తెగిందా? అద్దాల మిషన్లో పెట్టావా? అనుకుంటూనే ఉన్నాను, ఈ ఇంట్లో ఒకరి చేయి చాలలేదు ఆ దేవుడికి…”

“అమ్మా, అరవకు. ఏం కాలేదు.” కుర్చీ వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రో ఏమో. గొంతు తగ్గించింది. “బొటనవేలు లేకుండా ఆడటం కుదురుతుందా అని చూస్తున్నా. గెంతే బటన్ ఎడమవైపుకి మార్చుకోవచ్చమ్మా. మొదట్లో కష్టమే. ఇప్పుడు మూడో అంతస్తు దాకా ఎక్కేస్తున్నా.”

టేపు కింద వేలు ఉబ్బి ఎర్రగా కనిపిస్తోంది.

“పిచ్చిదానా. ఓ ఆట వస్తే మీ నాన్న లేచొచ్చి కూర్చుంటారనుకుంటున్నావా?”

“పాతదానికి రాడు. అది అంతా తెలిసిందే కదా, తను ఎంత బాగా ఆడేవాడో గుర్తొస్తుంది. కొత్తదైతే ఇద్దరికీ రాదు. ఇద్దరం పడతాం.” టేపు విప్పుకుంటూ అంది. “పడితే పిలుస్తాను కదా. అప్పుడు పలక్కుండా ఎలా ఉంటాడు?”

ఏం తెలివి! డాక్టర్లు చెయ్యలేనిది బాతు చేస్తుందట. ఎవరైనా వింటే ఇద్దరినీ కలిపి ఒకే ఆసుపత్రిలో పడేస్తారు. అదే మాట దాని మొహం మీద అన్నాను కూడా. కానీ ఆ పూట వేడినీళ్లు కాచి దాని వేలు నీళ్లలో పెట్టించాను. ఉబ్బిన వేలు చీము పట్టకపోతే ఒట్టు.

తరవాత సూపర్‌వైజర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కమలాపళ్ల సంచి. ఇంత కాలానికి తీరిందన్నమాట దొరగారికి. కుర్చీ అంచున కూర్చుని గోడలు చూశాడు, కర్టెన్లు చూశాడు, మా ఆయన్ని తప్ప అన్నీ చూశాడు.

“మేస్త్రి ఎలా ఉన్నాడమ్మా?”

“ఎదురుగానే ఉన్నారు. అడగండి.”

అడిగాడు. ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

“కంపెనీవాళ్లది మంచి మనసమ్మా” అన్నాడు నావైపు తిరిగి. “కొత్తగా చేరేవాళ్లకి పని నేర్పడానికి షెడ్డులో కూర్చోబెడతామంటున్నారు. చేత్తో పనిలేదు, నోటితో చెబితే చాలు. మేస్త్రికి తెలిసినంత పని ఇంకెవరికి తెలుసు? వానలు పడేలోగా ఊ అంటే చాలు. తరవాత వేరేవాళ్లని చూసుకుంటారు మరి. నేను కూడా ఎంతకాలం ఆపగలను?”

“చేత్తో చేసే పనుంటే చెప్పండి” అన్నాను. “చెయ్యి సగమైనా మిగిలింది. నోరే మిగల్లేదు.”

అతను రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అడక్కుండానే, “ఆ రోజు నేను పిలిచానమ్మా” అన్నాడు. “కంపెనీలో కూడా అదే చెప్పాను. పిలిచాను, మేస్త్రి పలికాడు. ‘ఉన్నా’ అన్నాడు. అన్నట్టే వినిపించింది.”

కుర్చీ కదిలింది. మా ఆయన పూర్తిగా కిటికీ వైపు తిరిగిపోయారు. వీపు ఒక్కటే కనిపిస్తోంది మాకు. అంతకాలం ఆయన దేనికి మాట్లాడటం లేదో నేను రకరకాలుగా భయపడ్డాను, మెదడు దెబ్బతిందేమోనని కూడా. ఆ వీపు చూశాక ఆ భయాలన్నీ ఒక్కసారిగా సర్దుకుని మూల కూర్చున్నాయి. అనని మాటని ఆయన నోట్లో పెట్టి, దాన్నే సాక్ష్యం చేసుకుని తిరుగుతున్నాడు ఈ ఇస్త్రీ చొక్కా.

“యంత్రంలో చెయ్యి ఉండగా ‘ఉన్నా’ అనే మనిషి కాదండీ ఆయన” అన్నాను. “ఇంట్లో బాతు విషయంలో కూడా ఒక్కసారీ తప్పలేదు.”

“బాతా? బాతేమిటమ్మా?”

“మీకు తెలీదులెండి. పలికేదాకా ఆగాలని చిన్నపిల్లకి తెలిసింది, మీకు తెలీలేదు.” లేచి పళ్ల సంచి అతని చేతిలో పెట్టాను. “ఇవి తీసుకెళ్లండి. ఆయన ఆ చేత్తో ఒలుచుకోలేరు.”

అతను వెళ్లాక తలుపేసి వంటింట్లోకి వెళ్లాను. ఉన్న ఒక్క ఆధారాన్నీ నా నోటితో నేనే తగలేశానా అని పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. పైగా ఏ ముక్క పట్టుకుని వాదించాను? బాతుని! చివరికి నేనూ ఆ గుంపులో కలిసిపోయానన్నమాట.

ఎట్టకేలకు ఆటకి రోజు ఖాయమైంది. అమ్మాయి కొట్లో సెలవడిగితే “ఎవరి పెళ్లి?” అన్నాడట ఓనరు. “మేకపిల్లది” అందట ఇది. ఆ నెల ఉద్యోగం ఉండటం మా అదృష్టం.

ఆ పొద్దున్నే మబ్బు పట్టింది. మొదటి చినుకులు పడుతుంటే ఫోను మోగింది. సూపర్‌వైజరే. “వానలొచ్చేశాయి కదమ్మా. సాయంత్రంలోగా ఒక్కమాట చెప్పించండి. లేకపోతే ఇంక నా చేతుల్లో లేదు.” ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను. అటునుంచి “మేస్త్రీ, ఉన్నావా?” అని వినిపించింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ నోటినుంచి ఆ మాట! ఫోను పెట్టేశాను.

అమ్మాయి రెండు రిమోట్లూ తడిగుడ్డతో తుడిచి పెట్టింది. బాతు రిమోట్‌ని తన పక్కన చాపమీద, వాళ్ల నాన్న ఎడమచేతికి అందేలా పెట్టింది. వెనక్కి తిరిగి, “నాన్నా, పెడుతున్నా” అంది. ఆయన లేవలేదు. “పర్లేదు, నేను ముందు కొంచెం చూస్తుంటాను. వచ్చెయ్” అంది. ఆ గొంతులో ఉత్సాహం చూస్తే నాకు భయమేసింది. అంత ఎత్తునుంచి పడితే ఈ పిల్లని ముట్టుకుని లేపేవాళ్లెవరు?

టీవీలో వెలుగొచ్చింది. రంగులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. మేకపిల్లకి వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. బాతు ఈకలైతే, నిజమే, మహా సహజంగా వచ్చాయి. మేక గెంతింది. వెనకే బాతు గెంతింది. రిమోట్ చాపమీదే ఉంది.

“బాతుని ఎవరు ఆడిస్తున్నారే?” అన్నాను.

అమ్మాయి ఏవేవో నొక్కింది, వెనక్కెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. రెండో రిమోట్ తీసి దాని బటన్లన్నీ నొక్కి చూసింది. బాతు దాని మానాన అది రెక్కలు దులుపుకుంటూ నిలబడింది.

“ఇద్దరు ఆడేది తీసేశారమ్మా” అంది చివరికి. “బాతు దానంతటదే వస్తుంది.”

“గుంటలో పడితే?”

మేకని తీసుకెళ్లి ఒక గుంట అంచున నిలబెట్టింది. బాతు దూకబోయి పడింది. కన్నుమూసి తెరిచేలోగా మళ్లీ మేక వెనకే నిలబడింది, ఏమీ జరగనట్టు. బుడగ లేదు. పిలవక్కర్లేదు, పలకక్కర్లేదు.

ఎండాకాలమంతా దేనికోసం చూశారో అది ఇదీ! వేలమంది కూర్చుని, ఈకలు దువ్వి, గుడ్డ కట్టి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి పక్కనుండే మనిషి అక్కర్లేని బాతుని తయారుచేశారు మహానుభావులు. ఆ సూపర్‌వైజర్‌ని ఏమైనా సలహా అడిగారేమో. నేను ముందే చెప్పానా లేదా అని దెప్పడానికి నోటిదాకా వచ్చింది. అమ్మాయి రెండో రిమోట్‌ని మళ్లీ చాపమీద అదే చోట పెట్టి, దాని వైరు సరిచేస్తోంది. దెప్పలేకపోయాను.

“తీసెయ్యవే ఆ దిక్కుమాలినదాన్ని” అన్నాను. “పాతది పెట్టు.”

“ఎవరాడతారమ్మా?”

“నేనాడతాను. ఇన్నేళ్లు మిషను తొక్కినదాన్ని, బాతొక లెక్కా నాకు?”

కుట్టే బట్ట పక్కన పెట్టి, చాపమీద కూలబడి రిమోట్ అందుకున్నాను. పాత మేక వచ్చింది, చదునుగా, కళ్లు రెండు చుక్కలు. అమ్మాయి ముక్కు ఎగబీల్చి, “ఇది నడవడానికి, ఇది గెంతడానికి” అని చూపించింది. నేను గెంతడానికి నొక్కితే బాతు నడిచింది. నడిచి సరాసరి గుంటలోకి పోయింది.

“ఉన్నావా?” అంది అమ్మాయి అలవాటుగా.

“ఎక్కడికి పోతానే, పక్కనే చచ్చాను కదా!”

“అలా కాదమ్మా. ‘ఉన్నా’ అనాలి. అని ఈ పక్క బటన్ నొక్కాలి.”

“ఏ పక్క? అన్నీ పక్కలే కదా దీనికి!”

బుడగ పగిలింది. మొదటి మెట్టు. మళ్లీ ఎక్కాం, ఈసారి బాతు మేకని కూడా తోసేసింది. వెనక కుర్చీ కిర్రుమంది. నా ఆట చూడలేక మెడ అటు తిప్పుకుంటున్నారు కాబోలనుకున్నాను. అమ్మాయికి నవ్వొచ్చింది. ఆ ఎండాకాలంలో అది నవ్వడం అదే మొదలు. “అమ్మా, కళ్లు మూసుకుని గెంతుతావేంటి!” అంది.

“భయమేస్తే మూసుకోనా?”

విరిగిన వంతెన దాకా ఎలా వెళ్లామో నాకు తెలియదు. మేక అవతలికి దూకేసింది. నేను దూకాను. బాతు గాల్లో ఓ క్షణం రెక్కలు కొట్టుకుని నిలువునా కిందికి పోయింది. బుడగ పైకి తేలింది. మేక వంతెన అంచుకి వచ్చి ఆగింది.

“ఉన్నావా?”

బటన్ ఎటువైపో మర్చిపోయాను. మర్చిపోయానో, ఏమో. రిమోట్ ఒళ్లో పెట్టేసి చెమట పట్టిన చేతులు దులుపుకున్నాను. బుడగ గులాబీ రంగులోకి తిరిగింది.

“అమ్మా, నొక్కు. పగిలిపోతుంది.”

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు మూసుకోలేదు. బయట వాన హోరుమంటోంది. బుడగ ఎర్రబడింది. అమ్మాయి నావైపు చూసింది, తరవాత నా తల మీదుగా వెనక్కి చూసింది. మళ్లీ టీవీ వైపు తిరిగి, చిన్నప్పటి గొంతుతో, మెల్లిగా అడిగింది.

“ఉన్నావా?”

కుర్చీ కాళ్లు నేలమీద గీసుకున్నాయి. తువ్వాలు కింద పడిన చప్పుడు. నా భుజం మీంచి ఎడమచెయ్యి ఒకటి వంగి వచ్చి, ఒళ్లో ఉన్న రిమోట్ మీద సరిగ్గా ఆ బటన్ వెతుక్కుని నొక్కింది.

“ఉన్నా” అన్నారు మా ఆయన.